అనుమానం బుట్ట

మా అత్తయ్య మొట్టమొదటిసారి మా పుట్టింటికి వచ్చిన రోజున, మా అమ్మ టీ పోయబోతుంటే ఆగమని చేయి అడ్డం పెట్టింది. ఖాళీ కప్పు అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని, గోటితో మీటింది. ఒకసారి కాదు, కప్పు తిప్పుతూ మూడుసార్లు. తర్వాత రెండో కప్పు, మూడోది. ఆరింటిలో నాలుగోదాన్ని పక్కన పెట్టి, "వదినగారూ, ఇది ఇంకో నెల్లో చేతిలోనే విడిపోతుంది. ఇందులో వేడివేడిగా పోయకండి" అంది. మా అమ్మకి ఎక్కడ లేని కోపం వచ్చింది. కొత్త చుట్టరికం, కొత్త కప్పులు, పైగా ఆ పూట కోసమే బీరువాలోంచి తీసినవి. సరిగ్గా ఇరవై రెండో రోజున ఆ కప్పు మా నాన్న చేతిలో విడిపోయింది. పిడి వేళ్లకి ఉండిపోయింది, టీ మాత్రం ఒళ్లోకి వచ్చింది. అప్పటి నుంచి మా అమ్మ వియ్యపురాలి మీద ఈగ వాలనివ్వదు.

అత్తయ్యది ఊరి చివర కప్పుల ఫ్యాక్టరీ. అత్తయ్యది అన్నాను కదా అని ఆవిడ సొంతం అనుకునేరు. ఆవిడ అందులో జీతానికి పనిచేసే మనిషి. కానీ మాట్లాడేటప్పుడు మాత్రం అంతా ఆవిడదే. మా బట్టీ, మా మట్టి, మా పొగగొట్టం. ఎవరింటికైనా వెళ్తే కప్పు బోర్లించి అడుగున ముద్ర చూస్తుంది. వేరే ఫ్యాక్టరీదైతే "పాపం, వాళ్లూ కష్టపడతారు" అంటుంది. ఆ జాలి భరించడం చాలా కష్టం.

ఆవిడ పని మోత బల్ల దగ్గర. తయారైన కప్పులన్నీ చివరికి ఆ పొడవాటి బల్ల మీదకి వస్తాయి. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఒక్కొక్క కప్పునీ గోటితో మీటి వింటారు. కంటికి కనిపించని పగులు చెవికి దొరుకుతుంది. మంచి కప్పు టింగుమని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. పగులున్నది టక్కుమని అక్కడే ఆగిపోతుంది. మంచిది కుడివైపు వరసలోకి, పగులున్నది ఎడమవైపు డబ్బాలోకి. డబ్బాలో వేసేముందు అక్కడికక్కడే పగలగొట్టాలి. ఇంటికి తీసుకెళ్లడం, ఎవరికైనా ఇవ్వడం కుదరదు.

బల్ల మధ్యలో ఒక తీగల బుట్ట ఉంటుంది. దాని పేరు అనుమానం బుట్ట. మోత విన్నాక కూడా మంచిదో కాదో తేలకపోతే ఆ కప్పుని అందులో పెట్టాలి. పక్కావిడ తీసి వింటుంది. ఆవిడకీ తేలకపోతే సిరా పోసి చూస్తారు. పగులుంటే సిరా అందులోకి దిగి వెంట్రుకంత గీత కనిపిస్తుంది. మంచిదని తేలితే తిరిగి వరసలోకి వెళ్లిపోతుంది, దాని మీద ఏ గుర్తూ పెట్టకూడదు. బుట్టలో పెట్టినదాన్ని చూసి ఎవరూ నవ్వకూడదు, ఇంత మాత్రం తెలియలేదా అని ఎవరూ అడగకూడదు. తెలియని కప్పుని మంచిదనకూడదు, చెడ్డదనీ అనకూడదు. మా అత్తయ్య ఇరవై తొమ్మిదేళ్లు ఈ నియమం కింద బతికింది. ఆ ఇరవై తొమ్మిదేళ్లలో ఆవిడ బుట్టలో పెట్టిన కప్పుల్ని చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చునట. అందుకే ఆవిడకి గంటమ్మ అని పేరు పడింది. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఐదేళ్ల కిందట ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, "మోకాళ్లు పట్టేస్తున్నాయి, ఇక కూర్చోలేను. ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చేవాళ్లని తిప్పి చూపించే పని ఇచ్చారు" అని చెప్పింది. మేమంతా సంబరపడ్డాం. మోకాళ్ల నొప్పులని కూర్చునే పని మానేసి, నడిచే పనిలో చేరిన మనిషిని లోకంలో మా అత్తయ్యనొక్కదాన్నే చూశాను. అప్పుడే నాకు వెలగాల్సింది. వెలగలేదు.

ఆ పనిలో ఆవిడ చెలరేగిపోయింది. ఆఫీసువాళ్లు ఏం చెప్పాలో నాలుగు కాగితాలు టైపు చేసి ఇచ్చారు. ఒకసారి చదివి, మడిచి, టిఫిన్ డబ్బా కింద వేసుకుంది. గేటు దగ్గర అందరినీ లెక్కపెట్టేది. వదులు జుట్టున్నవాళ్ల చేత ముడి వేయించేది, ఎంత పెద్ద ఉద్యోగస్తురాలైనా సరే. మట్టిని నీళ్లతో కలిపే తొట్టి దగ్గర అందరినీ చేయి ముంచి చూడమనేది. పిడులు అంటించే చోట, "మీ ఇంట్లో కప్పు మొదట ఎక్కడ విరుగుతుంది?" అని అడిగేది. అందరూ పిడి దగ్గరే అనేవాళ్లు. "మా కప్పు మాత్రం అక్కడ విరగదు, ఎందుకో చూడండి" అని ఒక్కొక్కరి చేతా ఒక్కో పిడి అంటింపజేసేది. అవన్నీ వంకరటింకరగా వచ్చేవి. అప్పుడు పిడులు అంటించే మనిషి ఒక్క క్షణంలో తిన్నగా అంటిస్తుంటే ఆ జనం నోళ్లు తెరిచి చూసేవాళ్లు. ఆవిడకి కావాల్సింది అదే. ఈ చేతుల్ని చూడకుండా ఎవరూ ఆ గేటు దాటకూడదు.

చివర్లో మోత బల్ల. అక్కడ పది కప్పులు పెట్టి ఉంచేవాళ్లు, అందులో ఒకటి పగులుది. ఏదో ఆవిడకి తెలియదు, బల్ల దగ్గరివాళ్లే కలిపి పెట్టేవాళ్లు. ఆవిడ అందరి ముందూ మీటి దాన్ని పట్టుకునేది. చప్పట్లు. వారానికి మూడు రోజులు, ఐదేళ్లు. ఒక్కసారీ తప్పలేదు.

ఇంతలో కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు, ఇస్త్రీ చొక్కా, నెమ్మది మాట. గుంపులు పనివాళ్ల మధ్య తిరుగుతుంటే పని ఆగుతోందని, టూరు గంటలో అవ్వాల్సింది రెండు గంటలు పడుతోందని ఆయన బాధ. పైన అద్దాల వసారా కట్టి, వచ్చినవాళ్ల చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలిస్తే, రికార్డు చేసిన గొంతే అంతా చెబుతుందన్నాడు. మరి గంటమ్మ? "ఆవిడ చేసింది చాలు, ఇంట్లో విశ్రాంతి తీసుకుంటారు." యజమానురాలు వృద్ధురాలు, అందరూ ఆవిడని పెద్దావిడ అంటారు. ఆవిడ వెంటనే సరే అనలేదు. "గురువారం నేనూ గుంపుతో కలిసి నడుస్తాను. చూశాక చెప్తాను" అంది.

ఆ కబురు వచ్చిన వారంలోనే నాకు అసలు సంగతి తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో అత్తయ్య వెనకాల స్టీలు పళ్లాల దొంతర మొత్తం నా చేయి జారింది. ఆ చప్పుడుకి పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగి చూశారు. అత్తయ్య మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు అంట్లు తోముకుంటోంది. మా మామయ్యది ప్రింటింగ్ ప్రెస్సులో అరిచి అరిచి అలవాటైన గొంతు, వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఇంట్లో అందరం ఆయనతో పోటీపడి అరుస్తూ ఉంటాం. అందుకే ఆవిడ చెవి సంగతి ఎవరికీ తెలియలేదు.

ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే దాచలేదు.

"కుడిది పోయి ఐదేళ్లయింది అమ్మాయ్. ఎడమది సగమే ఉంది. నేను మంచిదని పంపిన కప్పు ఒకటి పగులుతో వెనక్కి వచ్చింది. అట్టపెట్టెలో చీటీ మీద నా నంబరే ఉంది. మర్నాడు పొద్దున్నే మేస్త్రి దగ్గరికి వెళ్లాను."

"వెళ్లి?"

"నన్ను అనుమానం బుట్టలో పెట్టండి అన్నాను. ఆయనకి అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా ఈ పని ఇచ్చాడు. ఇప్పుడు ఆయనా రిటైరయ్యాడు."

"మరి ఐదేళ్లుగా పది కప్పుల్లో ఒకటి ఎలా పట్టుకుంటున్నారు?"

మూడు వేళ్లు చూపించింది. కప్పుని అడుగున ఆ మూడు వేళ్ల మీద నిలబెట్టి మీటుతుందట. "మంచి కప్పు వేళ్లలో కాసేపు బతికుంటుంది. చెడ్డది వెంటనే చచ్చిపోతుంది. ఎడమ చెవి కాస్త సాయం. కానీ ఈ మధ్య అదీ ఆగిపోతోంది." తర్వాత గొంతు తగ్గించి, "గురువారం తప్పితే అంతే. నన్ను ఇంట్లో కూర్చోబెడతారు. కూర్చుని ఏం చేయను? గోడకేసి చూడనా?" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూడటం అదే మొదటిసారి.

నేను తట్టుకోలేకపోయాను. "దానిదేముంది అత్తయ్యా, ఆ పగులు కప్పుకి అడుగున చిన్న చుక్క పెట్టించుకోండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

మా అత్తయ్యకి కోపం వస్తే అరవదు. బల్ల మీద కప్పు పెట్టినంత నెమ్మదిగా మాట్లాడుతుంది. "చుక్క చూసి పట్టుకుంటే అక్కడ నేనెందుకు అమ్మాయ్? కళ్లున్న ఎవరైనా చాలు కదా" అంది. అంతే, రెండు రోజులు నాతో మాట లేదు. ఉప్పు కావాలంటే మామయ్య చేత అడిగించింది. ఆయన అడిగితే వీధంతా మా ఇంట్లో ఉప్పు సంగతి తెలిసిపోయింది.

నాకూ పౌరుషం ఉంది. కానీ భయం అంతకన్నా ఎక్కువ ఉంది. బుధవారం సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపు కాసి, బల్ల దగ్గర ఇరవై ఏళ్లు అత్తయ్య పక్కన కూర్చున్న ఆవిడని పట్టుకున్నాను. ఆవిడని అత్తయ్య పక్కావిడ అనే పిలుస్తుంది. సంగతంతా చెప్పేశాను. ఆవిడ నోటి మీద చేయి వేసుకుంది. తర్వాత, "నువ్వు ఇంటికెళ్లి నిద్రపో. మేం చూసుకుంటాం" అంది.

గురువారం నేనూ టికెట్టు తీసుకుని గుంపులో నిలబడ్డాను. పద్దెనిమిది మందిమి. అత్తయ్య నన్ను కూడా మిగతావాళ్లతో పాటే లెక్కపెట్టి, "ముడి వేసుకోండి" అంది. కోడలినని కూడా లేదు. వెనకాల చేతికర్రతో పెద్దావిడ, ఆవిడ పక్కన మేనేజరు, చేతిలో ఇయర్‌ఫోన్ల పెట్టె. మాలో ఒక రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. ప్రతిదానికీ ఒక ప్రశ్న. "ఈ బట్టీ ఎంతసేపు మండుతుందమ్మా?" "లోపలికి వెళ్లిన కప్పు రేపు ఈపాటికి బయటికి వస్తుందండీ." "మధ్యలో ఆపితే?" "మీ బస్సు మధ్యలో ఆపితే జనం ఊరుకుంటారా? ఇదీ అంతే, కప్పులు ఊరుకోవు." అందరూ నవ్వారు. పెద్దావిడ కూడా. ఆయన ఎప్పుడూ ఆవిడకి ఎదురుగానే నిలబడి అడిగేవాడు. లేకపోతే ఆ ప్రశ్నలు ఆవిడకి వినిపించేవి కావని నాకొక్కదానికే తెలుసు.

ఎర్రగా కాలిన బట్టీ తలుపు పక్కన నిలబడి, కప్పుల్ని మెరుపు పూతలో ముంచే మనిషి చేతి ఒడుపు చూపిస్తూ, "ఈవిడ చేయి ఎక్కువసేపు ఉంచితే పూత కారుతుంది, తక్కువసేపు ఉంచితే అంటదు. గడియారం చూడదు, చూడండి" అంటుంటే ఆ మనిషి వెన్ను ఇంకాస్త నిటారుగా అయింది. నేను చూశాను. మా అత్తయ్య పొగిడేది తనని కాదు, ఆ చేతుల్ని. ఇన్నేళ్లుగా ఆవిడ ఈ పని చేస్తోందని తెలుసు కానీ, ఎంత బాగా చేస్తోందో అప్పటిదాకా నాకు తెలియదు. మా అత్తయ్య అని గట్టిగా అరిచి చెప్పాలనిపించింది.

మోత బల్ల వచ్చింది. పది కప్పులు. పక్కావిడ మా వైపు చూడటం లేదు.

మొదటిది, రెండోది, మూడోది మంచివి. నాలుగోదాన్ని మీటగానే కప్ప అరిచినట్టు బెకబెకమంది. నాకు వినిపించింది, కండక్టరుకి వినిపించింది, గుమ్మం దగ్గరున్న కాపలా మనిషికి కూడా వినిపించి ఉంటుంది. చప్పట్లు మోగాయి. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆ కప్పుని తిప్పి చూసింది. పిడి కింద వేలెడు పగులు. పక్కావిడ వైపు చూసింది. పక్కావిడ పైన తిరుగుతున్న ఫ్యాను చూసుకుంటోంది. తర్వాత అత్తయ్య చూపు నా మీదకి వచ్చింది. నేను నా చెప్పులు చూసుకున్నాను.

ఆవిడ ఆ కప్పుని పగలగొట్టి డబ్బాలో వేసింది.

"చాలా బాగుందండీ. ఇక ప్యాకింగుకి వెళ్దామా?" అన్నాడు మేనేజరు.

ఆయన వెనక నుంచి అన్నాడు కాబట్టి ఆవిడకి వినిపించలేదు. ఐదోది తీసింది. పగులుది దొరికాక ఎప్పుడూ అక్కడితో ఆపేసేది. ఆ రోజు ఆపలేదు. ఆరు, ఏడు. ఎనిమిదోది మీటి ఆగింది. తిప్పి మళ్లీ మీటింది. ఎడమ చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ. మూడు వేళ్ల మీద నిలబెట్టి మళ్లీ. ఆవిడ ఆ కప్పుని మెల్లగా తీసుకెళ్లి బల్ల మధ్యలో ఉన్న తీగల బుట్టలో పెట్టింది.

"అక్కా, అది బాగుంది. పొద్దున్న నేనే చూశాను" అంది పక్కావిడ. నాలుగోది దొరికాక అక్కడితో గండం గడిచిందనుకుని ఉంటుంది, నాలాగే.

అత్తయ్య ఆవిడ పెదాల వైపు చూసి, తల అడ్డంగా ఊపి, గుంపు వైపు తిరిగింది.

"అమ్మా, అయ్యా, ఒక మాట. ఈ కప్పు మంచిదో కాదో నాకు తెలియడం లేదు. నా కుడి చెవి పోయి ఐదేళ్లయింది. ఎడమది సగమే ఉంది. ఇన్నాళ్లూ వేళ్లతో నెట్టుకొచ్చాను. ఇది వేళ్లకీ అందలేదు. ఇందాకటి పగులు కప్పు చెవిటివాళ్లు కూడా పట్టుకునేది, నా మీద ప్రేమతో పెట్టారు. దానికి చప్పట్లు కొట్టకండి. తెలియనప్పుడు ఏం చేస్తామో అది చూడండి. ఈ బుట్ట ఇందుకే ఉంది."

అంతా అయిపోయిందనుకున్నాను. మేనేజరు చేతిలో పెట్టె అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

పెద్దావిడ కర్ర టకటకలాడించుకుంటూ ముందుకొచ్చి, "సిరా తెండి" అంది.

పక్కావిడ మీటి వింది, ఇందాక బాగుందన్న తను కూడా ఈసారి తేల్చుకోలేక సిరా పోసింది. వంద లెక్కపెట్టాలి. కండక్టరు పైకే లెక్కపెట్టాడు, టికెట్లు లెక్కపెట్టిన గొంతుతో. పారబోసి, కడిగి, తుడిచి, పెద్దావిడ కళ్లద్దాలు సర్దుకుని దీపం కింద తిప్పి తిప్పి చూసింది. గీత లేదు. ఎక్కడా లేదు. తెల్లగా, శుభ్రంగా ఉంది కప్పు.

"మంచిదే" అంది పెద్దావిడ.

"మంచిదే అమ్మగారూ. తెలుసుకోలేకపోయింది నేనే" అంది అత్తయ్య. తల దించుకుని కాదు, సూటిగా చూస్తూ.

మేనేజరు మర్యాదగానే అందుకున్నాడు. "అందుకేనండీ నేను చెప్పింది. రికార్డు చేసిన గొంతైతే ఇలాంటి తడబాట్లు ఉండవు."

"నీ పెట్టెకి అనుమానం వస్తుందా బాబూ?" అంది పెద్దావిడ.

"రాదండీ."

"పగులు కప్పు పెట్టినా బాగుందనే చెబుతుంది కదా?"

ఆయన పెట్టె వైపు చూసుకున్నాడు. "చెబుతుందండీ" అన్నాడు. ఆ మాట ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది.

పెద్దావిడ అత్తయ్యకి ఎదురుగా, నోరు కనిపించేలా నిలబడింది. "నాకెందుకు చెప్పలేదు గంటమ్మా?"

"ఇంటికి పంపేస్తారని భయం అమ్మగారూ."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు?"

"తెలియని కప్పుని మంచిదని ఎలా అంటానమ్మా? ఇంతమంది ముందు?"

పెద్దావిడ తీగల బుట్ట వైపు ఒకసారి చూసింది. "టూరు కిందనే ఉంటుంది, మనుషుల మధ్యనే. చూపించేది నువ్వే. ఇక నుంచి మీటి వినేది మాత్రం వచ్చినవాళ్లు. ఎలా వినాలో నువ్వు నేర్పు" అంది. తర్వాత చేయి చాపింది. "ఆ కప్పు నాకివ్వు. నా గదిలో అద్దాల బీరువాలో పెట్టుకుంటాను. అడుగున ఇవాళ్టి తేదీ రాయిస్తాను."

పద్దెనిమిది మందిమీ ముందు చప్పట్లు ఎవరు కొడతారా అన్నట్టు చూస్తున్నాం. యజమానురాలు అడిగింది, ఎవరైనా రెండు చేతులతో ఇస్తారు. అత్తయ్య ఇవ్వలేదు.

"కుదరదు అమ్మగారూ. మంచిదని తేలాక దానికి గుర్తుండకూడదు" అంది. బల్ల మీద కప్పు పెట్టినంత నెమ్మదిగా. ఆ నెమ్మది నాకు బాగా తెలుసు.

పెద్దావిడ చాపిన చేయి వెనక్కి తీసుకుంది. అత్తయ్య ఆ కప్పుని కొంగుతో మరొక్కసారి తుడిచి, కుడివైపు వరసలో మిగతా కప్పుల మధ్య పెట్టి, రెండు మూడింటిని అటూ ఇటూ సర్దింది. నా రెండు కళ్లూ దాని మీదే ఉన్నాయి. అయినా ఆవిడ చేయి తీసేసరికి అది ఏదో నాకు తెలియలేదు.

"రండి, ప్యాకింగు చూపిస్తాను" అని మా అత్తయ్య ముందు నడిచింది.